గోముఖ యాత్ర: నాఁడును నేఁడును



తెలుఁగు కావ్యములలో హిమాలయమునకుఁ బోయివచ్చిన వాఁడెవఁడని యడిగినచో బడిపిల్లవాఁడైనను ప్రవరుని పేరు చెప్పును. అల్లసాని పెద్దన మనుచరిత్రమును రచించి యిప్పటికి సుమా రైదువందల యేండ్లు. అరుణాస్పదపురమందలి యా గృహస్థుఁడు సిద్ధుఁ డొసంగిన పసరు పాదములకుఁ బూసికొని క్షణములో మంచుకొండఁ జేరెను, వింతలు చూచెను, మాధ్యాహ్నికమునకు వేళయైనదని తిరిగి చూచుసరికి మంచునీటికిఁ బసరు కరఁగిపోయి యుండెను. దారి తెలియక తిరుగాడినాఁడు. ఈ ఘట్టమును పాఠముగాఁ జెప్పు నుపాధ్యాయులము ప్రవరుని నిష్ఠను గూర్చియు వరూధినిని గూర్చియు గంటలకొలఁది వ్యాఖ్యానింతుము గాని, ఆ బ్రాహ్మణుఁడు చేసిన ప్రథమ ప్రమాదమేదో చెప్పము. త్రోవ యెఱిఁగినవానిని వెంటఁబెట్టుకొనక యాతఁడు మంచుపైఁ గాలు పెట్టెను. ఆయనకుఁ దుదకు అగ్నిదేవుఁడు తోడైనాఁడు. మనకట్టి సదుపాయము లేదు.

నేఁడు నేను మనవి చేయఁబూనినది గంగోత్రికిఁ బైన నున్న గోముఖ యాత్రా చరిత్రము. అది కేవల మొక తీర్థయాత్రా చరిత్రము గాదు. చేరవలసిన చోటే యేటేఁట వెనుకకుఁ దగ్గుచుండుట యీ యాత్రలోని విశేషము.

హిమాని యను మాటకు మంచురాశి యని యమరసింహుఁ డర్థము చెప్పియున్నాఁడు. ఆ రాశి యొకచోట నిలిచియుండక కొండలోయలో నత్యంత మందగతిని పల్లమునకు జాఱుచుండును గనుక దానిని హిమానీనదమని నేఁటివారు వ్యవహరించుచున్నారు. గంగోత్రి హిమానీనదము సుమారు 30 కిలోమీటర్ల పొడవు గలది. 7,138 మీటర్ల యెత్తైన చౌఖంబా శిఖర సముదాయపు వాలులలోఁ బుట్టి, కీర్తి, స్వచ్ఛంద, ఘనోహిమ మొదలగు నుపనదములను గలుపుకొని, సముద్రమట్టమునకు సుమారు 4,000 మీటర్ల యెత్తునఁ దుదముట్టును. ఆ తుదనున్న మంచుగుహనుండి భాగీరథి బయటఁబడును. ఆ గుహయే గోముఖము.

మనవారిలో నీ చోటును జూచినవారు పూర్వమెందఱో తెలియదు. సన్న్యాసులు పోయియుందురు, వారు గ్రంథములు వ్రాయలేదు. వ్రాసినవాఁడు ఏనుఁగుల వీరాస్వామయ్య. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ద్విభాషిగా నున్న యాయన 1830వ సంవత్సరము మే 18వ తేదీని పరివారముతో బయలుదేఱి, మన హైదరాబాదు సికిందరాబాదుల మీఁదుగా కాశికిఁ బోయి, 1831 సెప్టెంబరు 3వ తేదీని తిరిగి యిల్లు చేరెను. దారిలోని సత్రములను, ధరలను, చెఱువులను, జనుల నడవడిని గూర్చి యాయన స్నేహితునకు వ్రాసిన లేఖలు 1838లో కాశీయాత్ర చరిత్రగా నచ్చుపడినవి. అంతటి పరిశీలకుఁడు గంగను ప్రయాగలోఁ జూచెను, కాశిలోఁ జూచెను, కలకత్తావైపునఁ జూచెను. గంగ పుట్టుచోటికి మాత్రము పోలేదు. అది యా కాలమున గృహస్థులకు సాధ్యమైన పని గాదు. రైలు హరిద్వారమునకు వచ్చినది 1886లో. మన సికిందరాబాదునకుఁ దొలి రైలుబాట 1874లో ఏర్పడినది. ఈ రెండు తేదీల తరువాతఁ గాని తెలుఁగు సంసారికి బదరీ కేదార గంగోత్రులు నోటిమాటగాఁ గాక త్రోవగాఁ దోఁచలేదు.

వీరాస్వామయ్యకుఁ గొంచెము ముందుగానే కొలతగొలుసులు పట్టుకొని తెల్లవా రీ లోయలోఁ బ్రవేశించిరి. 1808లో వెబ్, రేపర్, హియర్సే యనువారు గంగ జన్మస్థానమును నిర్ణయింపఁ బంపఁబడి, మార్గకాఠిన్యముచే నడుమనే మరలిరి. ముందునకొక మున్షీని మాత్రము పంపిరి. 1815లో జేమ్సు బెయిలీ ఫ్రేజరు గంగోత్రి చేరెను. అచ్చటి యాలయము నప్పటికిఁ గొలఁది యేండ్ల క్రిందటనే గూర్ఖా సేనాని అమరసింహ థాపా కట్టించియుండెను. ఇఁక 1817 మే 31వ తేదీని కెప్టెన్ హాడ్జ్‌సన్ అనునతఁడు హెర్బర్టుతోఁగూడ గంగోత్రినిఁ దాఁటి మంచుగుహ యెదుట నిలిచెను. ఆ చోటును జూచి కొలిచి దినచర్య వ్రాసి ప్రకటించిన మొదటివాఁ డాతఁడు.

హాడ్జ్‌సన్ దినచర్యలో నొక ముచ్చట గలదు. నా వంటి వానికిఁ గొలతలకంటె నదియే ప్రియము. గుహ కప్పునుండి పెద్దపెద్ద మంచుకొనలు జడలవలె వ్రేలాడుచుండఁగా, వెంట వచ్చిన గంగోత్రి బ్రాహ్మణుఁడు వానిని జూచి, యివి మహాదేవుని జటలు గాఁబోలు, వీనినుండియే గంగ దిగెనని శాస్త్రమున నున్నదని విందునని పలికెనఁట. ఆ బ్రాహ్మణుఁడు చదువురాని కొండవాఁడని కెప్టెను వ్రాసికొనెను. నాకుఁ జూడ నాతఁ డచ్చటి వారందఱిలోఁ జక్కఁగాఁ జదివినవాఁడు. ఆవుముఖమను పేరునకు దీనికంటెఁ దగిన చోటు తనకుఁ దోఁచలేదని కూడ హాడ్జ్‌సన్ వ్రాసెను. మంచుగుహ యొక్క రూప మేటేఁట మాఱునది కాఁబట్టి, యొకనాఁ డావుమోరవలె నున్నది మఱునాఁడు సింహపుమోరవలె నుండవచ్చును. పే రొకనాఁటి రూపమునుబట్టి వచ్చినది. రూపము నిలువలేదు, పేరు నిలిచినది.

ఈ కొలతల కథలో మన యూరికిని భాగమున్నదని చాలమందికిఁ దెలియదు. 1802లో చెన్నపట్టణమున లాంబ్టన్ ఆరంభించిన మహా త్రికోణమితి సర్వే దక్షిణమునుండి యుత్తరమునకుఁ బ్రాఁకుచు 1815 నాఁటికి బీదరు ప్రాంతమున దామరగిద్ద యొద్ద ఆధారరేఖను గొలిచినది. 1818 తుదిలో జార్జి ఎవరెస్టు లాంబ్టనునకు సహాయకుఁడుగాఁ జేరినది మన హైదరాబాదులోనే. కృష్ణా గోదావరుల నడుమ నడవులలో నాతఁడు జ్వరముతోఁ దీసికొని దాదాపు ప్రాణము మీఁదికిఁ దెచ్చుకొనెను. ఆ రేఖయే క్రమముగా డెహరాడూను చేరి, దానినుండి హిమాలయ శిఖరముల యెత్తు లెక్కింపఁబడెను. 1852లో రాధానాథ సిక్దరు లెక్కలలో తేలిన మహోన్నత శిఖరమునకుఁ దరువాత నీ ఎవరెస్టు పేరే పెట్టిరి. మన తాటిచెట్లమీఁదినుండియు గుట్టలమీఁదినుండియు సాగిన చూపు గౌరీశంకరముల దాఁకఁ బోయినదన్నమాట.

మఱియొక పేరు చెప్పక ముందుకుఁ బోలేను. 1830లో వీరాస్వామయ్య ప్రయాణమైన యేఁటనే కుమావూను కొండలలో మిలం అను గ్రామమున నైనుసింగు పుట్టెను. ఆ గ్రామము మిలం హిమానీనదమునకు దగ్గఱ. అతఁడు బడిపంతులు, అందుచేతనే సర్వేవారతనిని పండితుఁడని పిలిచిరి. నూటయెనిమిది పూసలకు బదులు నూఱు పూసలుగల జపమాల చేతఁబట్టి, నూఱడుగులకొక పూస త్రిప్పుచు, ప్రార్థనాచక్రములో మంత్రములకు మాఱు లెక్కల కాగితములు దాఁచుకొని, 1865, 1866 సంవత్సరములలో లాసా వఱకు నడచివచ్చెను. 1877లో లండనులోని రాయల్ జాగ్రఫికల్ సొసైటీ వారాతనికి బంగారు పతకమిచ్చిరి. ఆ మాలలో ఎనిమిది పూసలు తగ్గించిన దోషమున కేమి ప్రాయశ్చిత్తమో ధర్మశాస్త్రములలో వెదకవలసియున్నది. ఏమైనను బడిపంతులు నడకకు లోకములో నంతటి గౌరవము మఱెన్నఁడును జరుగలేదు.

హిమానీనదములు తగ్గుచున్నవా పెరుగుచున్నవా యను ప్రశ్నతో మన దేశమునఁ గొలతలు మొదలైనది 1906లో. భారత భూగర్భ సర్వేవారు కాశ్మీరము, లాహోలు, కుమావూను ప్రాంతములలోఁ గొన్నింటి కొనలను గుర్తించి పటములు గీచిరి. గంగోత్రి వంతు 1935లో వచ్చినది. జాన్ బిక్నెల్ ఆడెన్ అను భూగర్భ శాస్త్రవేత్త గోముఖమునకుఁ బోయి దాని కొనను పటములోఁ బొందుపఱచెను. ఆంగ్లకవి ఆడెన్ కీతఁ డన్న. తమ్ముని పద్యములు పదిమందికిఁ దెలియును. అన్న గీచిన పటము కొలఁదిమందికే తెలియును గాని, గంగను గూర్చి మాటలాడువారి కా పటమే పునాది. ఎందుకనఁగా 1935నుండి 1996వఱకు, 61 సంవత్సరములలో, గోముఖము 1,147 మీటర్లు వెనుకకుఁ బోయినదని తేలినది. ఏఁటికి సగటున 19 మీటర్లు. ఇంచుమించు మా లాలాగూడనుండి మెట్టుగూడకు నడచినంత దూరము. 2000 తరువాత కొన యొక్క వేగము కొంత తగ్గినట్లు కొలతలు చెప్పుచున్నవి. దానిని విని సంతోషింపఁ బనిలేదు. కొన నిలిచియున్నట్లున్నను పైభాగము పలుచఁబడుచునే యున్నది. పూర్వము గంగోత్రిలోఁ గలియుచుండిన రక్తవర్ణ, చతురంగి, మేరు నదములు తెగి వేఱైపోయినవి.

దీనికిఁ గారణమేమి? ఒక గృహస్థుని జమాఖర్చుల పద్దు వంటిది హిమానీనదము. ఎగువ భాగమునఁ గురిసిన మంచు ఏఁటికేఁడు పొరలుగాఁ బేరుకొని, తన బరువునకుఁ దానే నలిగి గట్టి మంచుగడ్డయై దిగువకు జాఱును. అది జమ. దిగువనఁ గరఁగి నీరగునది ఖర్చు. జమయు ఖర్చును సరిపోవునంతకాలము కొన కదలదు. పందొమ్మిదవ శతాబ్దపు నడుమ మొదలుకొని లోకమున వేఁడి పెరుగుటచే ఖర్చు హెచ్చినది. యంత్రములు, బొగ్గు, నూనె మండించుటచే బొగ్గుపులుసు గాలి యాకాశమున నిండి, భూమి సగటు వేఁడి యిప్పటికి ఒక డిగ్రీకి మించి పెరిగినది. మన గంగోత్రి వంటి నదములకు మఱియొక చిక్కున్నది. వీనికి మంచు కురియునది శీతకాలమునందే కాదు, వానకాలమునందుఁ గూడ. వేఁడి కొంచెము హెచ్చిన నా మంచే వానగా మాఱి యున్నదానినిఁ గూడఁ గరఁగించును. జమ పోయి ఖర్చగును. మైదానములనుండి లేచిన మసి పైనఁబడిన మంచు నల్లఁబడి యెండను మింగును. అన్ని చోట్లను నిట్లే యున్నదని చెప్పరాదు; కారాకోరము కొండలలోఁ గొన్ని నదములు చాల కాలము నిలకడగానే యుండెను.

ఇఁక నడకమాట. మా లాలాగూడ రైల్వేవారి యూరు. 1893లో నిజాము రైల్వేవారి కర్మశాల యిచ్చట వెలసినది మొదలు, యింటింటికి నొక రైల్వే పాసు, పాసునకొక తీర్థయాత్ర. అట్టి తొమ్మండ్రతోఁ గలసి 2011వ సంవత్సరము వేసవి సెలవులలో నేనును బయలుదేఱితిని. నేను తప్పఁ దక్కినవారిలో నెక్కువమంది విశ్రాంత రైల్వే యుద్యోగులు. ఉత్తరకాశిలో నడవిశాఖవారి యనుమతి పత్రము దీసికొని, గంగోత్రిలో నొకదిన మూరక కూర్చుంటిమి. అట్లు కూర్చుండుట సోమరితనము గాదు. మూఁడువేల మీటర్ల యెత్తున గాలి పలుచన, శరీర మలవాటు పడవలయును. మా మార్గదర్శి గఢవాలీ యువకుఁడు. వాని తాత, తండ్రి యాత్రికుల మూటలు మోసినవారు. వాఁడు విధించిన నియమములు మూఁడు: మెల్లఁగా నడువుఁడు, నడచునపుడు మాటలాడకుఁడు, వాఁగుల నుదయముననే దాఁటుఁడు. మూఁడవ నియమము లోని శాస్త్రము నాకుఁ దరువాతఁ దెలిసినది. ఉదయము మోకాలిలోఁతు పాఱు వాఁగు మధ్యాహ్నపు టెండకుఁ బైమంచు కరఁగి నడుములోఁతగును.

గంగోత్రినుండి 9 కిలోమీటర్లు నడచిన చీడ్‌బాసా. అది దేవదారు జాతి చెట్ల నీడ. అక్కడనుండి 5 కిలోమీటర్లు భోజ్‌బాసా. నడుమ నొకచోట కొండ చరియ నిత్యము రాలుచుండును; అక్కడ మావాఁ డొక్కొక్కరినే దాఁటించెను. భోజ్‌బాసా యనఁగా భూర్జవృక్షముల నివాసము. మన పూర్వులు తాళపత్రములపై వ్రాసినట్లు ఉత్తరాదివారు భూర్జపత్రముల మీఁద వ్రాసిరి గదా! తాళపత్ర గ్రంథములతోఁ గాలము గడపిన నాకు ఆ చెట్లను జూడవలెనని మిక్కిలి కోరిక. పేరు మిగిలినది, చెట్లు మిగులలేదు. యాత్రికుల వంటలకును చలిమంటలకును నరికివేసిరి. ఉత్తరకాశిలో నధ్యాపకురాలు, పర్వతారోహకురాలు నగు హర్షవంతీ బిష్ట్ గారు 1990 తరువాత నిచ్చట కంచె వేసి భూర్జపు మొక్కలను బెంచసాగిరి. మేము చూచినవి ఆ మొక్కలే. తరువాత 2013లో నామెకు హిల్లరీ పేరిటి పతకము లభించినది.

మఱునాఁడు తెల్లవాఱుచుండఁగా గోముఖము వైపు నడచితిమి. మాలో నొక విశ్రాంత ఫోర్‌మన్ గలఁడు. ఆయన తండ్రి కర్మశాలలోనే పనిచేసి, 1967లో పాసుమీఁద హరిద్వారము చేరి, కొండదారిని బహుదినములు నడచి, గోముఖమున స్నానమాడి, రాగిచెంబులో గంగ తెచ్చి బంధువులందఱకు పంచెనఁట. తండ్రి మునిఁగిన చోటనే తానును మునుఁగవలెనని యాయన సంకల్పము. ఆ మాట విని మార్గదర్శి నిలిచిపోయెను. గోముఖ మింకను ముప్పావు కిలోమీటరుకు పైగా నుండఁగానే, యొక పెద్ద బండను జూపి, “బాబూజీ, ఆ కాలమున మా తాత యాత్రికులను దీసికొనివచ్చి నిలిపిన చోటిది. మంచు ఇక్కడ నుండెడిది” అని హిందీలోఁ జెప్పెను. చుట్టును బూడిదవన్నె ఱాళ్లు, ఇసుక. ఏఱు దూరముగా నొకవైపునఁ బాఱుచుండెను. నేను మనసులో లెక్క వేసితిని: నలువది నాలుగేండ్లు, ఏఁటికి పందొమ్మిది మీటర్లు, ఎనిమిదివందల ముప్పదియాఱు. వాని తాతమాట సర్వేవారి పటముతో సరిపోయినది.

ఫోర్‌మన్‌గారు మొదట నొప్పుకొనలేదు. గోముఖము దేవస్థానము, అది జరుగుటేమి, వీఁడు కుఱ్ఱవాఁడు, వీని కేమి తెలియునని నాతోఁ జెప్పిరి. పంతులుగారూ, శాస్త్రమేమనుచున్నదో మీరు చెప్పుఁడనిరి. శాస్త్రమున గంగ స్వర్గమునుండి శివుని జటలకును, జటలనుండి భూమికిని, భూమినుండి సాగరమునకును దిగినదని యున్నది గాని, ఫలాన ఱాతియొద్ద నిలిచియుండునని లేదంటిని. గంగకుఁ ద్రోవఁ జూపినవాఁడు భగీరథుఁడు. ఆయన ముందు నడచెను, ఆమె వెంట వచ్చెను. కదలుటయే యామె ధర్మము. అయినను మంచు వెనుకకుఁ బోవుటను భగీరథుని ఖాతాలో వ్రాయుటకు నాకు నోరు రాలేదు. అది మన ఖాతాలోని పద్దు. ఆయన కొంతసేపు మాటలాడక, ఆ యెండిన ఱాళ్లమీఁదనే తూర్పుముఖముగాఁ గూర్చుండి, సీసాలోని నీటితోఁ దండ్రికిఁ దర్పణము విడిచిరి. తరువాత గోముఖము చేరినను స్నానము చేయలేదు. నీరు చల్లుకొని వచ్చిరి.

గుహ క్రిందికి మమ్ముఁ బోనీయలేదు. ఇల్లంతేసి మంచుపెళ్లలు కప్పునుండి యూడిపడుట మేమును గన్నులారఁ జూచితిమి. పిడుగు వంటి ధ్వని. ఆ యెదుటి భాగమే 2016 జూలై వానలలోఁ గూలిపోయినది. మాలో నలుగురము మాత్రము వానివెంట నదమునకు అడ్డముగా నడచి, ఆవలి గట్టునఁ దపోవనము చేరితిమి. మంచుపై నడకయనఁగాఁ దెల్లని పాలరాతి నేలయని యూహించుకొనువారు నిరాశపడుదురు. పైనంతయు మట్టి, గులకఱాళ్లు, బండలు. దుమ్ము గప్పిన పాతబస్తీ గోడ కూలిపోయినచోట నడచినట్లుండును. ఒక బండ జరిగిన చోట లోపలి నీలిమంచు తళుక్కున మెఱయును. కాళ్లక్రింద నెక్కడనో నీరు పాఱుచున్న చప్పుడు. నెఱ్ఱెలు తాటిప్రమాణములు. మా వాఁడు కఱ్ఱతోఁ దట్టి చప్పుడు విని, యిటు రండు, అటు వద్దు అనుచుండెను. ఆ వారమున నడచిన త్రోవ మఱువారమున నుండదనియు, ఋతువున కనేకమాఱులు గుర్తుఱాళ్లను మార్చుచుందుమనియుఁ జెప్పెను. పూర్వము తండ్రి నేర్పిన త్రోవ కొడుకునకుఁ జాలినది, వానికది చాలలేదు. తపోవనమునుండి చూచిన శివలింగ శిఖరమును వర్ణించుటకు పెద్దన వలయును; నేను చాలను.

యాత్రికుల రద్దీ యెక్కువయగుటచే 2008లో గోముఖమునకు దినమునకు 150 మందికి మించి పోరాదని నియమము విధించిరి. మనవారిలోఁ గొందఱు దీనిని దైవదర్శనమున కడ్డుగా భావింతురు. ఆ యభిప్రాయము నాకు సమ్మతము గాదు. గర్భగుడిలోనికి నందఱము ఒక్కమాఱు పోము గదా.

గంగలోని నీరంతయు హిమానీనదములదే యనుకొనుట పొరపాటు. కాశియొద్దఁ బాఱు నీటిలో వానపాలే హెచ్చు. కాని వానలకు ముందు, ఎండలు మండునపుడు, పైకొండలలో నేఱు ఎండక పాఱుటకు మంచే యాధారము. ఆ మంచు తగ్గిన మొదట కష్టపడువారు దిగువ నగరములవారు గారు, లోయలోని గ్రామములవారు.

తగ్గు మంచువలన నింకొక యపాయము గలదు. కరఁగిన నీరు మట్టికట్టల వెనుకఁ జెఱువులై నిలిచి, కట్ట తెగిననాఁడు ప్రళయమగును. 2013 జూన్ 16, 17 తేదీలలో కుండపోత వానలతోపాటు చోరాబారి నదముచెంతనున్న చెఱువు తెగి కేదారపురమును ముంచెత్తినది. వేలకొలఁది జనులు మరణించిరి. తెలుఁగువా రనేకులు కొండలలోఁ జిక్కుకొనిరి. ఆ వారమంతయు సికిందరాబాదు స్టేషనులో బంధువులకొఱకు నిలిచి యున్నవారి మొగములు చూడలేకపోయితిమి. 2023 అక్టోబరులో సిక్కిములోని దక్షిణ లోనక్ చెఱువు తెగి తీస్తానదిపై చుంగ్‌తాంగ్ ఆనకట్టను గొట్టుకొనిపోయినది. సెప్టెంబరు 28వ తేదీని 167 హెక్టార్లుండిన యా చెఱువు అక్టోబరు 4వ తేదీకి 60 హెక్టార్లకుఁ గ్రుంగినదని లోకమునకుఁ జిత్రపటములతోఁ జూపినది మన బాలానగరులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రము. అంతకుముందు 2021లో వారే గంగా పరీవాహక ప్రాంతమునందలి మంచుచెఱువుల నెన్ని 4,707 అని పటములపుస్తకము ప్రకటించిరి. ఎవరెస్టు లాంబ్టనుతోఁ జేరిన యూరినుండియే యీ లెక్కయు వెలువడుట గమనింపఁదగినది.

మంచుదారి నెక్కినవారిలోఁ దెలుఁగు బిడ్డల పేర్లును జేరినవి. నిజామాబాదు మండలములోని పాకాల గ్రామపు బాలిక మాలావత్ పూర్ణ, ఖమ్మము ప్రాంతపు ఆనందకుమారు, సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల విద్యార్థులు, భువనగిరి కొండబండపై మొదటి పాఠములు నేర్చి, డార్జిలింగులోని పర్వతారోహణ విద్యాలయమున మంచునడక నభ్యసించి, 2014 మే 25వ తేదీని ఎవరెస్టు శిఖరమెక్కిరి. పూర్ణకప్పటికిఁ బదునాలుగేండ్లు నిండలేదు. వారు పోయినది టిబెట్టు వైపునుండి, రోంగ్‌బుక్ హిమానీనదముల మీఁదుగా. 1921లో మలోరీ దీసిన ప్రధాన రోంగ్‌బుక్ చిత్రమును, 2007లో డేవిడ్ బ్రెషర్స్ అదే చోట నిలిచి తీసిన చిత్రమును బక్కబక్కన నుంచి చూచిన, మంచుమట్టము మూఁడువందల యడుగులకు పైగా దిగినట్లు గనఁబడును. అది చార్మినారు నిలువెత్తునకు మించినది.

ఒక హెచ్చరిక కూడఁ జేయవలయును. 2007లో వెలువడిన యంతర్జాతీయ వాతావరణ సంఘపు నివేదికలో హిమాలయ నదములు 2035 నాఁటికి మాయమగునని యచ్చుపడినది. లోకము గగ్గోలు పడినది. 2010 జనవరిలో నా సంఘమే యది తప్పని యొప్పుకొనెను. మూలమున 2350 అని యున్నది తాఱుమాఱై 2035 అయ్యెనని భావింతురు. తాళపత్రములు శోధించువారికిది క్రొత్త గాదు, లేఖకప్రమాద మందుము. ఒక యంకె తప్పినందున మంచు కరఁగుటే యబద్ధమని వాదించినవారును బయలుదేఱిరి. ఒక పద్యమునఁ బాఠము చెడినదని భారతమే లేదనుట యెట్టిదో యిదియు నట్టిదే. కాట్మండులోని పర్వతాభివృద్ధి సంస్థవారు 2023లోఁ జెప్పిన లెక్క ప్రకారము, 2011నుండి 2020వఱకు నీ పర్వతశ్రేణులలో మంచు అంతకు ముందటి దశాబ్దముకంటె 65 శాతము వేగముగాఁ దగ్గినది. పొగలిట్లే సాగినచో 2100 నాఁటికి 80 శాతము వఱకుఁ బోవచ్చును. ఐక్యరాజ్య సమితి 2025వ సంవత్సరమును హిమానీనదముల సంరక్షణ వత్సరముగాఁ బ్రకటించి, ప్రతి మార్చి 21వ తేదీని వానికై కేటాయించెను.

పోఁదలఁచినవారికి: గంగోత్రి యాలయము అక్షయతృతీయనాఁడు తెఱతురు, దీపావళి మఱునాఁడు మూయుదురు. గోముఖ మార్గము కొండచరియలనుబట్టి యొక్కొక్కమాఱు మూయఁబడుచుండును. ఉత్తరకాశిలో విచారించి, స్థానికుఁడైన మార్గదర్శిని గుదుర్చుకొని, వాని మాట వినుట మేలు. మూసిన తరువాత గంగాదేవి యుత్సవమూర్తిని పల్లకిలో ముఖ్‌బా గ్రామమునకుఁ దీసికొనిపోయి, సేమ్‌వాల్ అర్చకు లాఱు నెలలు అక్కడనే పూజింతురు. ఆ కాలమున గోముఖమున నరులుండరు. ఉపగ్రహము మాత్రము పైనుండి చూచుచు, ఆ చిత్రములను మన షాద్‌నగరులోని పళ్లెములవంటి గ్రాహకములకు దింపుచుండును.